ముసుగేసి వినిపించండి, అప్పుడు చెబుతా

మా రోజుల్లో ఎవరింటి రేడియో బాగా పలుకుతుందో చెప్పడానికి ఆ రేడియోను చూడాల్సిన పనిలేదు. వీధిలో ఈ చివర్నుంచి ఆ చివరకు నడిస్తే తెలిసిపోయేది. పొద్దున్నే విజయవాడ కేంద్రం నుంచి భక్తిరంజని వస్తుంటే ఇంటింటా అదే పాట, అదే గొంతు. కరణంగారింట్లో బొంగురుగా, ఆ పక్కింట్లో ముక్కుతో, మలుపులో ఉన్న మాస్టారింట్లో మాత్రం ఖంగుమని, నిండుగా. మాస్టారిది ఏ కంపెనీ రేడియోనో, ఎంత పెట్టి కొన్నారో మాలో సగం మందికి తెలీదు. అది లోపలి గదిలో, గూట్లో, మీద కుట్టుపని చేసిన గుడ్డతో ఉండేది. అయినా ఆదివారం నాటకానికి ఊరంతా చేరేది ఆ అరుగు మీదకే. కరణంగారు పిలిచినా ఏదో వంక చెప్పి తప్పించుకునేవాళ్ళం. అభిప్రాయం అంటే అదీ. కాళ్ళతో చెప్పేవాళ్ళం.

ఇప్పుడో? స్పీకరు ఇంకా ఓడలో ఉండగానే దాని మీద అభిప్రాయం సిద్ధం. వినకముందే మెచ్చుకునేవాళ్ళు, వినకుండానే తిట్టేవాళ్ళు, బొమ్మ చూసి ‘ట్రెబుల్ కాస్త ఎక్కువ’ అనేవాళ్ళు. బొమ్మలో ట్రెబుల్ ఎలా కనిపించిందో ఆ పైవాడికే తెలియాలి.

మా మేనల్లుడు కోకాపేటలో ఎత్తయిన టవర్లో ఉంటాడు. కొత్తగా స్పీకర్లు తెప్పించాడు. నేల మీద నిలబెట్టేవి, నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. ఒక్కొక్కటీ 100 కిలోలు. జత ఖరీదు అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వును బట్టి పాతిక లక్షలకు తక్కువ ఉండదనుకున్నాను. హాల్లో నేల మీద రంగు టేపు ముక్కలు అతికించి ఉన్నాయి. ఏమిట్రా అంటే స్పీకరు కాళ్ళు అక్కడే ఉండాలిట. పనమ్మాయి తుడుస్తూ అంగుళం జరిపితే మొత్తం పోతుందిట. వినేవాడికీ ఒకటే కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుంటేనే ‘సరిగ్గా’ వినిపిస్తుందిట. మరి ఇంట్లో మిగతావాళ్ళు? వాళ్ళావిడ వంటింట్లోంచి, ‘మాకు ఇక్కడికి బాగానే వినిపిస్తోంది మావయ్యగారూ’ అంది. ఆ మాట వాడి లెక్కలోకి రాదు. కుర్చీ బయటి చెవులకు ఓటు లేదు.

కూర్చోబెట్టి ‘హోటల్ కాలిఫోర్నియా’ పెట్టాడు. 1994లో ఈగల్స్ వాళ్ళు మళ్ళీ కలిసి వేదిక మీద పాడింది. ఏ స్పీకర్ల దుకాణానికి వెళ్ళినా ఇదే పాట, మొదట్లో డ్రమ్ము దెబ్బకి అందరూ తలలూపడం. ‘మావయ్యా, సౌండ్‌స్టేజ్ తెలుస్తోందా మీకు?’ అన్నాడు. స్టేజీ తెలుస్తోందిరా, మల్లీశ్వరి ఎప్పుడు పెడతావు అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. పాత పాటలు ఈ స్పీకర్లకు ‘న్యాయం చెయ్యవు’ట! స్పీకరు పాటకు న్యాయం చెయ్యాలా, పాట స్పీకరుకు న్యాయం చెయ్యాలా? మా కాలంలో ఈ ప్రశ్న పుట్టనే లేదు.

ఇంతకీ నన్ను పాతకాలపు మొండివాడని కొట్టిపారేయకండి. పెట్టెలు చేయించిన చెయ్యి ఇది. కోఠీ గుజరాతీ గల్లీలో ఊఫర్లు, ట్వీటర్లు, క్రాసోవర్ కాయిళ్ళు ఏరి కొని, వడ్రంగి దగ్గర కూర్చుని ముప్పాతిక అంగుళం ప్లైవుడ్ కోయించి, లోపల దూది కూరి, మూలల్లో గాలి పోకుండా బంక పట్టించి వాయించినవాణ్ణి. పెట్టె లోపలి గాలి ఎంత ఉండాలి, ముందు రంధ్రం ఎంత వెడల్పుంటే బేస్ బొయ్యిమనకుండా దిగుతుంది అని వేళ్ళు లెక్కపెట్టుకున్న రాత్రులున్నాయి. కాబట్టి ఈ విదేశీ స్పీకర్ల మీద నాకు గౌరవమే. నా పేచీ స్పీకర్లతో కాదు, వాటి గురించి మాట్లాడే మనుషులతో.

ఆ మాటల్లో తెగలున్నాయి. బవర్స్ అండ్ విల్కిన్స్ అనే ఇంగ్లండు కంపెనీ ఉంది. వాళ్ళ 801 మోడల్ 1979లో వచ్చింది. ఆబీ రోడ్ స్టూడియోలో వాళ్ళ స్పీకర్లతోనే రికార్డింగులు విని సరిచూసుకునేవారు. దశాబ్దాల పాటు ఆ కంపెనీ గుర్తు పసుపు రంగు కెవ్లార్ కోను. 2015లో పెద్ద మోడళ్ళలో అది తీసేసి వెండి రంగు కోను పెట్టారు. అంతే, పసుపు కోను పోయింది, గొంతులో ప్రాణం పోయిందని ఒక వర్గం, ఇన్నాళ్ళకు మబ్బు విడిందని ఇంకో వర్గం. ట్వీటరుకు వజ్రపు పొర ఉంటుంది కదా, దానివల్ల పాట తళతళలాడుతుందని ఒకడు, చెవి కోస్తుందని ఇంకొకడు. ఇద్దరూ విన్నది ఒకే స్పీకరు! టానాయ్ అనే ఇంకో కంపెనీ అభిమానులకు బవర్స్ వాళ్ళంటే జాలి. హారన్ స్పీకర్ల వాళ్ళకు టానాయ్ వాళ్ళంటే నవ్వు. క్వాడ్ కంపెనీ 1957లో తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరు విన్నవాళ్ళు అసలు మిగతావాళ్ళతో మాట్లాడరు.

హారన్ వాళ్ళంటే గుర్తొచ్చింది. అమెరికాలో పాల్ క్లిప్ష్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు, అర్కన్సాలోని హోప్ అనే చిన్న ఊరు. 1946 నుంచి ఆయన క్లిప్ష్‌హారన్ అమ్ముడవుతూనే ఉంది. గది మూలలో పెట్టాలి, ఆ రెండు గోడలే హారన్‌లో భాగమైపోతాయి. గదితో పోట్లాడకుండా గదినే పనిలోకి దించిన తెలివి అది. దానికి రెండు మూడు వాట్లు ఇస్తే హాలు దద్దరిల్లుతుంది. మా వాల్వు రేడియోల్లో ఉన్నదీ ఆ మూడు వాట్లే. ఇప్పటి సన్నపాటి స్తంభాలకు అంతే మోత రావాలంటే పదుల వాట్లు, ఆ పైన వందలు పోయాలి. మూడు డెసిబెల్స్ తేడాకి వాట్లు రెట్టింపు కావాలి మరి. దాని పేరు చెప్పి ఆంప్లిఫయర్ ఇంకో పది లక్షలు. సరే, ఈ క్లిప్ష్ గారికి ఒక అలవాటు ఉండేదిట. కోటు మడత వెనక పసుపు రంగు బ్యాడ్జీ ఒకటి తగిలించుకునేవాడు. ఎవడైనా స్పీకర్ల గురించి గొప్పలు కోస్తుంటే చడీచప్పుడు లేకుండా కోటు మడత పైకెత్తి చూపించేవాడు. దాని మీద ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఒక బూతు మాట, అంతా ఒట్టి చెత్త అని. అలాంటి బ్యాడ్జీ ఒకటి నాకూ ఉంటే ఈపాటికి అరిగిపోయేది.

నేను చెప్పేది ముసలి చాదస్తం అనుకుంటే ఇది వినండి. ఫ్లాయిడ్ టూల్ అని కెనడాలో ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసిన శాస్త్రవేత్త. తర్వాత అమెరికాలో హర్మన్ కంపెనీకి వెళ్ళాడు. స్పీకర్ల మీద మనుషుల అభిప్రాయం ఎలా పుడుతుందన్నదే ఆయన జీవితకాలపు పని. ఆయనా, షాన్ ఆలివ్ అనే సహోద్యోగీ కలిసి 1994లో ఒక పరీక్ష ఫలితాలు బయటపెట్టారు. 40 మంది వినేవాళ్ళు, 4 స్పీకర్లు. మొదట తెర వెనక పెట్టి మార్కులు వేయమన్నారు. తర్వాత తెర తీసి, అవే స్పీకర్లు, అవే పాటలు, మళ్ళీ మార్కులు. కంటికి కనిపించగానే పెద్దగా, ఖరీదుగా ఉన్న వాటి మార్కులు పెరిగాయి. చిన్నగా, ప్లాస్టిక్కుగా కనిపించిన చౌక సెట్టు పడిపోయింది, తెర వెనక అది బాగానే నెగ్గుకొచ్చినా. ఇందులో నాకు మరీ నచ్చింది ఇంకొకటి. తెర ఉన్నప్పుడు స్పీకరును గదిలో ఇక్కణ్ణుంచి అక్కడికి జరిపితే తేడా ఇట్టే పట్టేశారు. తెర తీశాక, జరిపినా పెద్దగా పట్టించుకోలేదు. కళ్ళు తెరిచాక చెవులు డ్యూటీ దిగిపోయాయి. పరీక్షకు కూర్చున్నవాళ్ళు దారినపోయేవాళ్ళు కూడా కాదు, స్పీకర్ల కంపెనీలో జీతం తీసుకునేవాళ్ళే!

ఆ తర్వాత హర్మన్ వాళ్ళు కాలిఫోర్నియాలో ప్రత్యేకంగా ఒక గదే కట్టించారు. నల్ల తెర వెనక స్పీకర్లు మూడు నాలుగు సెకన్లలో ఒకదాని చోటికి ఒకటి జరిగే యంత్రం పెట్టారు. అంటే స్థలం మారిన తేడా స్పీకరు ఖాతాలో పడదు. ఇన్నేళ్ళ పరీక్షల్లో తేలింది ఏమిటంటే, కనపడకపోతే మనుషుల అభిప్రాయాలు ఆశ్చర్యంగా కలుస్తాయి. పసుపు కోను వర్గం, వజ్రం వర్గం, అన్నీ తెర దించగానే కరిగిపోతాయి. మా వీధిలో అందరూ మాస్టారి అరుగే ఎక్కింది అందుకే. మాకు తెర ఉండేది. గోడ.

హర్మన్ వాళ్ళకంటే ముందే కొందరు మహానుభావులు దీన్ని వ్యాపారంలోనూ చూపించారు. ఎడ్గర్ విల్చర్ అనే ఆయన అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టాడు. మూసేసిన చిన్న పెట్టెలో గాలినే స్ప్రింగుగా వాడి, బీరువాలంత పెట్టెలకు తీసిపోని బేస్ తెచ్చాడు. దాన్ని నమ్మించడానికి ఏం చేశాడు? ప్రకటనలో విశేషణాలు గుప్పించలేదు. ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే నలుగురు తీగవాద్యకారుల బృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, పక్కన తన స్పీకర్లు పెట్టాడు. వాళ్ళు వాయిస్తూ వాయిస్తూ మధ్యలో కమాను తీగకు తగలకుండా ఊరికే ఊపేవారు, ఆ కాసేపూ స్పీకరు వాయించేది. ఎక్కడ మారిందో హాల్లో చాలామంది చెప్పలేకపోయారు. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో వాళ్ళు ఒక గది కూడా నడిపారు. రైలుకు టైముందా, వచ్చి కూర్చో, విను, పో. అక్కడ ఏమీ అమ్మేవారు కాదు!

మన దగ్గర దుకాణం సంగతి చెప్పాలి. మేనల్లుడితో కలిసి నగరంలో ఒక పేరున్న చోటికి వెళ్ళాను, పేరెందుకు లెండి. మెత్తటి సోఫా, కాఫీ, చల్లటి గది. రెండు జతలు మార్చి మార్చి వినిపించాడు సేల్స్ కుర్రాడు. ఖరీదైన జతకు మారేటప్పుడల్లా వాడి బొటనవేలు రిమోట్ మీద ఒక్క నొక్కు నొక్కేది. మేనల్లుడు కళ్ళు మూసుకుని తన్మయత్వంలో ఉన్నాడు, నేను వేలు చూస్తున్నాను. రెండు శబ్దాల్లో ఇసుమంత గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది మనిషికి, గట్టిగా ఉందన్న సంగతి కూడా తెలియకుండానే. కుర్రాడి మీద కోపం లేదు, వాడి టార్గెట్లు వాడివి. ఇంటికొచ్చాక మేనల్లుడు ‘మావయ్యా, ఆ రెండోదానికి ఊపిరి ఉంది’ అన్నాడు. ఆ ఊపిరి బొటనవేల్లో ఉందిరా నాయనా.

ఇక గది. ఇక్కడే నాకు కడుపు మండేది. మా పెంకుటిళ్ళలో పై నుంచి కింద దాకా శబ్దాన్ని పీల్చే వస్తువులే. గోడవార చుట్టిన పరుపులు, దండెం మీద బట్టలు, మూలన ధాన్యం బస్తాలు, అటకనిండా అడ్డమైన సామాను, ఇంటినిండా మనుషులు. అకౌస్టిక్ ట్రీట్‌మెంటు అని పేరు పెట్టుకోలేదు గానీ పేదరికం మాకు ఉచితంగా చేసిపెట్టింది. ఇప్పుడు? కింద అద్దంలా మెరిసే టైల్స్, ఒక పక్క నేల నుంచి కప్పు దాకా గాజు, మిగతా మూడు పక్కలా కాంక్రీటు, మధ్యలో ఒక్క సోఫా. అందులో పాతిక లక్షల స్పీకరు పెడితే కొత్త బావిలోకి తలపెట్టి అరిచినట్టుంటుంది. పైగా లెక్క ఒకటుంది. రెండు గోడల మధ్య 12 అడుగులుంటే సుమారు 47 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తనే మోగడం మొదలెడుతుంది. సరిగ్గా బేస్ గిటారు అడుగు స్వరాలు తిరిగే చోటు. ఒక మూల చెవులు చిల్లులు పడతాయి, ఇంకో చోట ఆ స్వరమే మాయం. కొన్నవాడు ‘ఈ మోడల్లో బేస్ కాస్త బరువండీ’ అని తీర్పు చెబుతాడు. అది స్పీకరు బరువు కాదయ్యా, బిల్డరుగారి గోడ. వాడు మెచ్చుకునేదీ తిట్టేదీ సగం గదినే, పేరు మాత్రం స్పీకరుకు.

ఆ గదిలో మన పాట పెట్టి చూశారా? చివరికి పట్టుబట్టి పెట్టించాను. మల్లీశ్వరి, 1951, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, భానుమతి గొంతు. అప్పటి రికార్డింగ్ మోనో. రెండు స్తంభాల్లోనూ ఒకటే శబ్దం వస్తుంది, రెంటికీ నట్టనడుమ ఖాళీ చోట గొంతు నిలబడుతుంది. ఆనాటి సినిమా ఫిల్ము అంచు మీద అచ్చయిన సౌండ్‌ట్రాక్‌లో 8,000 హెర్ట్జ్ దాటితే మిగిలేది పెద్దగా లేదు. మరి 30,000, 40,000 హెర్ట్జ్ దాకా పలికే మావాడి స్పీకర్లలోని వజ్రపు ట్వీటరు ఏం చేస్తున్నట్టు? భానుమతి పాడుతున్నంతసేపూ దానికి సెలవు. అయినా ఒక మాట ఒప్పుకుంటాను, దాచుకోవడం నాకు చేతకాదు. పాట సాగుతూంటే భానుమతి ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఇన్నేళ్ళూ ఆ ఊపిరి నేను వినలేదు. మా రేడియోల్లో దాన్ని గరగర మింగేసేది. ఈ పెద్ద స్పీకర్లు ఏం గొప్పవని ఎవరైనా అడిగితే అదిగో, అది గొప్ప. నాకు సౌండ్‌స్టేజీ గురించి గంట పాఠం చెప్పిన మేనల్లుడు ఆ ఊపిరి దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు.

మా కాలమంతా బంగారమని నేననను. రేడియో పెట్టుకోవడానికి ఏడాదికి 15 రూపాయలు పోస్టాఫీసులో కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. స్విచ్చి నొక్కాక వాల్వులు వేడెక్కేదాకా ఎదురుచూపు, అప్పటికి సగం పాట అయిపోయేది. రేడియో సిలోన్ రాత్రి పూట సముద్రపు అలతో పాటు వచ్చి అలతో పాటు పోయేది. సరిగ్గా చరణం అందుకునే చోట! పక్కవీధిలో ఎవరైనా మిక్సీ తిప్పితే మా ఇంట్లో ఉరుము. కానీ అన్ని అడ్డంకుల మధ్య చెవికి ఏరుకోవడం వచ్చింది. మృదంగంలో తొప్పి మీద చెయ్యి జారుతూ లేచే గుమకీని ఆ హోరులోంచి పట్టేవాళ్ళం. మృదంగ మహానుభావుడు పాల్ఘాట్ మణి అయ్యర్ అయితే కచేరీలో అసలు మైకే వద్దన్నారు. ఆయన ముందు మన పాతిక లక్షల కబుర్లు చెప్పి చూడండి.

ఇంకో చేదు సంగతి. మనిషి చెవి చిన్నతనంలో 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. అరవై దాటేసరికి చాలామందికి 10,000, 12,000 పైన నిశ్శబ్దమే. ఇలాంటి స్పీకర్లు కొనే స్తోమత ఎప్పుడొస్తుంది? పిల్లల చదువులు, ఇంటి అప్పు తీరాక. అంటే వినగలిగినప్పుడు డబ్బు లేదు, డబ్బొచ్చాక పై స్వరాలు లేవు. అయినా ‘పై స్థాయిల్లో ఆ గాలి ఉంది చూశారూ’ అని నా ఈడువాళ్ళే వర్ణిస్తుంటే నాకు ఆ పసుపు బ్యాడ్జీ గుర్తుకొస్తుంది. విల్సన్ ఆడియో అనే అమెరికా కంపెనీ ఒక జత స్పీకర్లు 6,85,000 డాలర్లకు అమ్మింది. వాటిని కొన్న పెద్దమనుషుల్లో ఎంతమందికి ఆ ట్వీటరు మొత్తం వినిపిస్తుందో చెవి డాక్టరు చెప్పాలి.

అందుకని కొనబోయేవాళ్ళను అడిగేది ఒకటే. కొనండి, మీ డబ్బు, మీ ముచ్చట. కానీ అభిప్రాయం చెప్పేముందు ఆ జతనూ, దానికి నాలుగో వంతు ఖరీదున్న ఇంకో జతనూ మీ ఇంటికే పంపమనండి. మీ టైల్స్ మీద, మీ గోడల మధ్య. ముందు ఒక తివాచీ పరిచి, గాజుకు మందపాటి పరదాలు వేయండి, ఆ ఖర్చు స్పీకర్ల ఖర్చులో పైసా వంతు కూడా కాదు. రెండు జతల మోత సమానంగా ఉండేలా ఫోన్లో మీటరు పెట్టి చూసుకోండి, రిమోట్ దుకాణం కుర్రాడి చేతికివ్వకండి. మధ్యలో దండెం కట్టి పల్చటి చీర వేలాడదీయించండి. ఏది ఏ పాటకు మోగుతోందో మీకు తెలియకుండా ఇంట్లోవాళ్ళను మార్చమనండి. మీరు చిన్నప్పట్నుంచీ విన్న పాటలే పెట్టించుకోండి, హోటల్ కాలిఫోర్నియా వద్దు. వంటింట్లో ఉన్నావిణ్ణి కూడా పిలిచి అడగండి. కాగితం మీద మార్కులు రాసి పెట్టాక చీర తీయండి. దీనికి ఒప్పుకోని దుకాణంలో ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండి.